తగరం ఏడుపు

తగరం ఏడుస్తుంది. ఈ సంగతి ఇత్తడి గిన్నెలకు తగరం పూసి కళాయి పెట్టేవాళ్ళకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. అసలైన తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని రెండు చేతులతో మెల్లగా వంచితే, నిద్రలో పసిపిల్లాడు పళ్ళు కొరికినట్టు లోపల్నుంచి కిరకిరమని సన్నటి చప్పుడు వస్తుంది. సీసం బాగా కలిసిన కడ్డీ ఎంత వంచినా నోరు మెదపదు. "ఏడ్చేదాన్ని నమ్ము, నోరు మూసుకున్నదాన్ని నమ్మకు" అని నబీకి పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న చెప్పాడు. యాభై ఆరేళ్ళు నబీ ఆ మాట మీదే బతికాడు. అరవై ఆరో ఏట తప్పాడు. తప్పిన నిమిషంలోనే ఆ సంగతి అతని మనసుకు తెలుసు. తెలియదని తనకు తానే నలభై రోజులు నచ్చచెప్పుకున్నాడు.

విజయవాడ వన్ టౌన్‌లో ఇనుప సామాను గోడౌన్ల మధ్య ఒక సందులో నబీ కొట్టు. కొట్టంటే మరీ ఊహించుకోకండి. రేకు కింద ఒక బొగ్గుల పొయ్యి, దానికి గాలి కొట్టే చేతి మర, రెండు పట్టకార్లు, తగరం గిన్నెకు పట్టేందుకు చల్లే నవాసాగరం డబ్బా ఒకటి, అంతే. ఆ మర తిప్పేది అతని భార్య ఖాసింబీ. నలభై ఏళ్ళుగా ఆమె చెయ్యి మరను తిప్పుతుంటే నోరు లోకాన్ని తిప్పుతూ ఉండేది. స్టీలు గిన్నెలొచ్చి, వాటి వెనక నాన్‌స్టిక్ పెనాలొచ్చి, ఊరి ఇత్తడంతా అటకెక్కాక, పెళ్ళి వంటవాళ్ళ డేగిసాలతో ఆ ఇద్దరూ రోజులు నెట్టుకొచ్చారు. ఈ రెండు మూడేళ్ళుగా జనం మళ్ళీ అటకలెక్కి ఇత్తడిని దించుతున్నారు. ఏది ఆరోగ్యమో, ఏది విషమో లోకానికి పదేళ్ళకోసారి గుర్తొస్తుంది కాబోలు. ఎలాగైతేనేం, నబీకి మళ్ళీ పని దొరికింది.

అయితే సరిగ్గా అప్పుడే అతని చెవులు మూతపడటం మొదలుపెట్టాయి. మొదట గడియారం చప్పుడు పోయింది. తర్వాత కుక్కరు కూత పోయింది. ఖాసింబీ తిట్లు కూడా సగానికి సగం పోయాయి. "ఈ మధ్య భలే మంచోడివైపోయావయ్యా, ఎంత తిట్టినా ఎదురు చెప్పవు" అని ఆమె మురిసిపోయేది. ఆమె పెదాలను చూసి ఏదో మెచ్చుకుంటోందనుకుని నబీ నవ్వేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానని పాపం ఆమెకేం తెలుసు! నబీ మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెవి పోయిన కళాయివాడంటే చూపు పోయిన కంసాలి కదా. ఎవరు పని ఇస్తారు? అందుకని ఎవరేమన్నా తలూపటం నేర్చుకున్నాడు. తల ఒకటి ఊపితే లోకంలో సగం పనులు జరిగిపోతాయని కూడా కనిపెట్టాడు.

పామర్రు నుంచి కబురొచ్చింది అప్పుడే. రమాసుందరి గారని, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. కూతురు అనఘ ఆమెతోనే ఉంటుంది. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేసుకుంటూ, రెండేళ్ళ కొడుకు అఖిలేష్‌ని పెంచుకుంటోంది. పిల్లాడు పుట్టాక ఆ అమ్మాయి ఇంట్లోంచి ప్లాస్టిక్‌ను చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేసింది. నాన్‌స్టిక్ పెనాలు విషమని పారేసింది. కింద తుంగ చాపలు, కూరగాయలకు తాటాకు బుట్టలు, పక్క మీద పాత చీరల బొంతలు వచ్చాయి. ఏదైనా మనిషి చేత్తో చేసిందై ఉండాలి, పాడైతే మళ్ళీ బాగుచేసుకునేదై ఉండాలి, అదీ ఆమె పట్టుదల. వాటి గురించి ఫోనులో చెబుతుంటే వేలమంది చూస్తారట. ఇప్పుడు అమ్మమ్మ నాటి ఏడు ఇత్తడి గిన్నెలు దించింది. వాటికి కళాయి పెట్టాలి.

నబీ ఎప్పుడూ తగరం కొనే ముసలాయన ఆ ఏడాదే పోయాడు. పక్క వీధిలో వేరే కొట్టుకు వెళ్ళి కడ్డీ అడిగాడు. కొట్టువాడు కడ్డీ చేతికిస్తూ ఏదో చెప్పాడు. నబీ తలూపాడు. బయటికొచ్చి, గోడవారగా నిలబడి, కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. చప్పుడు లేదు. మళ్ళీ వంచాడు. లేదు. కడ్డీ మంచిది కాదేమో అన్న అనుమానం ఒక్క క్షణం తల ఎత్తింది. దాని నెత్తిన ఇంకో మాట వేసి తొక్కేశాడు. 'కుక్కరు కూతే వినపడనివాడికి తగరం ఏడుపేం వినపడుద్ది?' అనుకున్నాడు. ఖాసింబీ ఉంటే ఆమె చెవి దగ్గర వంచి చూడొచ్చు. కానీ ఆమె గన్నవరంలో కూతురు అర్ఫా పురిటికి వెళ్ళింది. ఉన్నా మాత్రం అడిగేవాడా? అడిగితే ఎందుకని అడుగుతుంది కదా.

మర్నాడు పామర్రులో, టీచరుగారి పెరట్లో గుంట తీసి, తనే మర తిప్పుకుంటూ బొగ్గులు రాజేశాడు. పిల్లాడు వాళ్ళమ్మమ్మ చంకలోంచి నిప్పుల్ని చూసి చప్పట్లు కొట్టాడు. అనఘ ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"నబీ గారూ, ఒక్క నిమిషం. తగరం మంచిదో కాదో ఎలా తెలుస్తుందో చెప్పరా?"

నబీ ఆమె పెదాలను బట్టి మాట పోల్చుకున్నాడు. యాభై ఏళ్ళలో అతన్ని ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అతని గుండె ఉప్పొంగింది. నాన్న చెప్పిన మాట చెప్పాడు. ఏడ్చేదాన్ని నమ్మాలన్నాడు. అనఘ ముఖం వెలిగిపోయింది. "అబ్బ, ఎంత బాగుందండీ! ఏదీ, వినిపించండి" అంది. నబీ కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. ఏమీ లేదు. ఫోను కన్ను అతన్నే చూస్తోంది. టీచరుగారు భక్తిగా చూస్తోంది.

"అదిగో, ఏడుస్తోంది!" అన్నాడు నబీ.

అనఘ ముందుకొచ్చి తన చెవి పెట్టింది. మళ్ళీ వంచాడు. "ఏమో, నాకు సరిగ్గా వినపడలేదండీ" అంది ఆ అమ్మాయి మొహమాటంగా.

"అలవాటు కావాలమ్మా" అన్నాడు నబీ.

ఆ ఒక్క మాట అనకపోయినా బాగుండేదని తర్వాత అతను ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. ఆరోగ్యంగా ఉన్న చెవి నిజం చెబితే, పాడైన చెవి దాని నోరు నొక్కింది.

కడ్డీ మామూలుకన్నా తొందరగా కరిగింది. గిన్నె లోపల తిప్పిన దూదికి నలుపు ఎక్కువ అంటింది. అదీ చూశాడు. బొగ్గు మసి అనుకున్నాడు. సాయంత్రానికి ఏడు గిన్నెలూ వెన్నెల ముద్దల్లా తళతళలాడాయి. రమాసుందరి గారు అతనికి భోజనం పెట్టి, బస్సు దాకా సాగనంపి, "మీలాంటివాళ్ళు ఉండబట్టే మా పిల్లాడు మంచి తిండి తింటున్నాడు నబీ గారూ" అంది. ఈ మాట మాత్రం అతనికి స్పష్టంగా వినపడింది. చిత్రం, వినపడకూడనివి అలాగే వినపడతాయి.

ఆ వీడియో చూసి విజయవాడలో అపార్టుమెంట్లవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. అదే కడ్డీతో ఇంకో అయిదిళ్ళ గిన్నెలకు కళాయి పడింది. ఎవరైనా "మీరేనా తగరం ఏడుపు తాతగారు?" అని అడిగితే నబీ భుజాలు తడుముకునేవాడు. ఖాసింబీ గన్నవరం నుంచి వచ్చి మర దగ్గర కూర్చుంది. ఆ రోజునుంచి నబీ ఆ కడ్డీని బయటికి తియ్యలేదు. తగరం అయిపోయిందని చెప్పి, వచ్చిన గిన్నెలకు సొట్టలు తీసి, చెవులు అతికి పంపేశాడు. ఎందుకలా చేశావని అడిగితే చెప్పలేడు. తేలు కుట్టిన దొంగ అరవగలడా?

ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా పక్కన టీ కొట్టు తెరేసమ్మ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "నీ పామర్రు మనవణ్ణి చూశావా నబీ?" అంటూ తెర చూపించింది. ఇత్తడి గిన్నెలోంచి అనఘ పప్పుచారు వడ్డిస్తోంది. పిల్లాడు రెండు చేతులా అన్నం జుర్రుకుంటున్నాడు. గడ్డం మీద చారు కారుతోంది. చింతపండు పులుసు. కళాయిలో సీసముంటే ఆ విషం పులుసులోకి దిగుతుంది. ఈ సంగతి నబీకి కాక ఇంకెవరికి తెలుసు? పులుపు ఇత్తడికి తగలకూడదనేగా కళాయి పెట్టేది. నబీ సగం అన్నంలోనే లేచి చెయ్యి కడిగేసుకున్నాడు.

ఖాసింబీ ఫోను లాక్కుని చూసింది. తగరం ఏడుపు వీడియో కూడా పెట్టమంది. చూసింది. "మళ్ళీ పెట్టు తెరేసమ్మా" అంది. మళ్ళీ చూసింది. ఫోను తిరిగి ఇచ్చేసి, తెరేసమ్మ వెళ్ళేదాకా ఆగి, మొగుడి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అందులో నీ మాట ఉంది. పిల్లోడి నవ్వుంది. కాకి అరుపు కూడా ఉంది. తగరం ఏడుపేదయ్యా?"

"ఫోనుకు అంత సన్న చప్పుడు అందదే" అన్నాడు నబీ. ఆపైన నోరు జారాడు. "కాకెక్కడుందక్కడ? అరవలేదే."

ఖాసింబీ అతని ముఖంలోకి చూసింది. లేచి అతని వెనక్కి వెళ్ళి నిలబడింది. నబీ పొయ్యి వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆమె ముందుకొచ్చేసరికి కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"ఇప్పుడు నీ వెనక నిలబడి నాలుగుసార్లు పిలిచా" అంది, అతనికి పెదాలు కనబడేలా. "ఎన్నాళ్ళ నుంచయ్యా?"

నబీ రెండు వేళ్ళు చూపించాడు. రెండేళ్ళు.

ఆమె రేకు పెట్టె తెరిచి సగం మిగిలిన కడ్డీ తీసి, తన చెవి దగ్గర వంచింది. పెట్టె అడుగున పాత గుడ్డలో నబీ నాన్న దాచి ఇచ్చిన కడ్డీ ఒకటుంది. ఎప్పుడూ వాడలేదు, ఆయన గుర్తు. దాన్నీ తీసి వంచింది. రెంటినీ పక్కపక్కన పెట్టింది. ఏది ఏడ్చిందో, ఏది ఏడవలేదో ఆమె చెప్పనక్కర్లేకపోయింది. కొత్త కడ్డీని గోడ సున్నం మీద గీసింది. సీసం ఉందని చెబుతూ బూడిదరంగు గీత పడింది.

"ఖాసింబీ, నా చెవులే అనుకున్నానే" అన్నాడు నబీ.

"చెవులు పోవటం తప్పు కాదు. అల్లా ఇచ్చాడు, అల్లా తీసుకున్నాడు. ఏడవనిదాన్ని ఏడ్చిందన్నావు చూడు, అది నీ పని." ఆమె ఫోను తీసి అతని చేతిలో పెట్టింది. "ముందు పామర్రువాళ్ళకి ఆ గిన్నెల్లో వండొద్దని చెప్పు. నేను చెప్పను. నువ్వే చెప్పు."

నబీ ఫోనులోకి ఆ ఒక్క మాటా చెప్పాడు. అవతలివాళ్ళు ఏమన్నారో అతనికి వినపడలేదు. వస్తున్నానని చెప్పి పెట్టేశాడు.

ఖాసింబీతో కలిసి బస్టాండుకు వెళ్ళే దారిలో నబీ కడ్డీ అమ్మిన కొట్టు ముందు ఆగాడు. మనిషికి ఎంత పాపభయం ఉన్నా, నిందలో సగం మోయడానికి ఇంకొకడు దొరికితే బాగుండునని ఉంటుంది. కోపంగా కడ్డీని బల్ల మీద పడేశాడు. కొట్టువాడు దాన్నీ, నబీనీ మార్చి మార్చి చూశాడు. మొగుడికి వినపడదని ఖాసింబీ కొట్టువాణ్ణి గట్టిగా చెప్పమంది.

"ఆ రోజే చెప్పాను కదండీ సాయిబు గారూ! ఇది అతుకులు వేసే కడ్డీ, సీసం కలుస్తుంది, వంట గిన్నెలకి పనికిరాదు అన్నాను. మీరు తలూపి తీసుకెళ్ళారు."

నింద నెట్టడానికి నబీకి ఇంక ఎక్కడా చోటు మిగల్లేదు. కడ్డీ తీసుకుని బయటికొచ్చాడు.

పామర్రు మీదుగా పోయే బందరు బస్సులో ఖాసింబీ కిటికీ పక్కన కూర్చుంది, ఒళ్ళో మామగారి కడ్డీ పెట్టుకుని. ఎప్పుడూ ఆగని ఆమె నోరు ఉయ్యూరు దాటినా తెరుచుకోలేదు. ఆమె మాట్లాడుతోందో లేదోనని నబీ మాటిమాటికీ పెదాలు చూశాడు. తిడితే బాగుండుననిపించింది.

టీచరుగారింట్లో ఏడు గిన్నెలూ పెరటి అరుగు మీద బోర్లించి ఉన్నాయి. కూర్చోమన్నా నబీ కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. కొట్టువాడి మాట కూడా దాచలేదు. అనఘ ముఖం మెల్లగా తెల్లబోయింది. కొడుకుని గభాలున ఎత్తుకుని గుండెకు అదుముకుంది. ఆ తర్వాత ఆమె గట్టిగానే అరిచింది. ఈసారి నబీకి ప్రతి మాటా వినపడింది.

"నాన్‌స్టిక్ విషమని పారేసి పిల్లాడి తిండి మీ చేతుల్లో పెట్టాం కదండీ! నేను వినపడలేదన్నాను. అన్నానా లేదా? అలవాటు కావాలన్నారు!"

"అన్నానమ్మా" అన్నాడు నబీ. "మీ చెవే నిజం. నేను అబద్ధం చెప్పాను. బాబుని డాక్టరుకు చూపించండి. సీసం ఒంట్లో చేరితే నెత్తురులో తెలుస్తుందట." రెండు చేతులూ జోడించాడు. "ఇంకో మాట. ఆ ఫోను మళ్ళీ పట్టుకోండి. ఇదే మాట అందరికీ చెప్పాలి. మిమ్మల్ని చూసి నా దగ్గరికొచ్చినవాళ్ళు ఇంకా అయిదిళ్ళవాళ్ళున్నారు."

అనఘ కదల్లేదు. రమాసుందరి గారే కూతురి చేతిలోంచి ఫోను తీసుకుని పట్టుకుంది. అదే పెరట్లో, అదే చోట నిలబడి నబీ చెప్పాడు. "నా పేరు నబీ. నాకు చెవులు వినపడవు. రెండేళ్ళయింది. ఇక్కడ నేను చూపించిన తగరం ఏడవలేదు. ఏడ్చిందని అబద్ధం చెప్పాను. ఆ రోజు నుంచి నా దగ్గర కళాయి పెట్టించుకున్నవాళ్ళు ఆ గిన్నెల్లో వండకండి. నేనే వచ్చి తీసేస్తాను."

ఆ వారమంతా మొగుడూ పెళ్ళాలు అయిదిళ్ళూ తిరిగి కళాయి ఊడదీశారు. ఒకామె గుమ్మంలోకి రానివ్వలేదు. ఒకాయన గిన్నెలు సంచిలో వేసి మెట్ల మీద పెట్టేశాడు. పామర్రు పిల్లాడి నెత్తురు పరీక్ష అయిదో రోజున తెలిసింది. సీసం హద్దుకన్నా కాస్త ఎక్కువుంది. ఇంక లోపలికి పోకుండా చూస్తే తగ్గుతుందని, మూడు నెలలకు మళ్ళీ చూడాలని డాక్టరు చెప్పాడట. టీచరుగారు ఫోనులో చెబితే ఖాసింబీ విని, నబీ ఎదురుగా కూర్చుని ఒక్కో ముక్కా పెదాలు కదిపి చెప్పింది.

ఆ మూడు నెలలూ ఆ పొయ్యి రాజుకోలేదనే చెప్పాలి. పని లేదు. నబీ రోజూ కొట్టు తెరిచి కూర్చునేవాడు. సందులో ఏ పసివాడు కనబడినా వాడి మొహంలోకి తేరిపార చూసేవాడు. నమాజుకు వంగినప్పుడు అతని నోటికి ఆ పిల్లాడి పేరు తప్ప ఇంకొకటి రాలేదు. ఖాసింబీ మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది, ఈసారి ఎదురుగా కూర్చుని, గట్టిగా. నబీకి అది కాస్త ఊరటగా ఉండేది.

మూడు నెలల తర్వాత రమాసుందరి గారే ఫోను చేసింది. తగ్గిందట. పూర్తిగా పోలేదు, కానీ తగ్గింది. ఒకసారి ఇద్దర్నీ రమ్మంది.

వెళ్ళారు. వంటింట్లో స్టీలు గిన్నెలు వరసగా బోర్లించి ఉన్నాయి. తలుపు చాటునుంచి అఖిలేష్ తొంగి చూసి, నబీని గుర్తుపట్టి నవ్వబోయాడు. అనఘ వచ్చి వాణ్ణి లోపలికి తీసుకుపోయి గది తలుపు వేసేసింది. నబీ తల వంచుకున్నాడు. ఆ తలుపు తను వేయించిందే.

రమాసుందరి గారు ఒకే ఒక్క గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టింది. ఏడు గిన్నెల్లో చిన్నది, అందులో వాళ్ళమ్మ చారు కాచుకునేదట. నబీ పెరట్లో మళ్ళీ గుంట తీసి, వెంట తెచ్చిన మర బిగించి, గిన్నెను వేడి చేసి, పాత కళాయంతా తుడిచి తుడిచి ఊడదీశాడు. లోపల పసుపుపచ్చటి ఇత్తడి బయటపడింది. ఖాసింబీ మామగారి కడ్డీ ఉన్న గుడ్డ విప్పింది. నబీ దాన్ని తన చెవి దగ్గర పెట్టుకోలేదు. టీచరుగారి చెవి దగ్గర పెట్టి మెల్లగా వంచాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. నబీ ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. తన నాన్న కడ్డీ ఏడ్చిందో లేదో అతనికి ఇప్పుడు ఆ ముఖమే చెప్పాలి. ఆమె కనుబొమలు ఒక్కసారి పైకి లేచాయి. తల నిలువుగా ఊపింది. తర్వాత కళ్ళు తెరిచి ఏదో అంది. పెదాలు కదిలాయి కానీ మాట అందలేదు. నబీ తల అలవాటు కొద్దీ ఊగబోయింది. ఆపుకున్నాడు.

"వినపడలేదండీ. నాకు చెవుల్లేవు. మళ్ళీ చెప్పండి."

ఆమె అతని దగ్గరగా వచ్చి, ఒక్కో మాటా విడదీసి గట్టిగా చెప్పింది.

"పిల్లాడికి ఇందులో వండను నబీ గారూ. నా ఒక్కదానికే. పెట్టండి."

"అలాగేనండీ" అన్నాడు నబీ. ఖాసింబీ మర తిప్పింది. అతను గిన్నెను మళ్ళీ నిప్పుల మీద పెట్టాడు.